మెయిల్ లిస్టు పెరుగుతోంది, స్పందన రావడం లేదు: ఎవరి అనుభవం ఏమిటి?

తోటపని
అందరికీ నమస్కారం. ఇంటి మొక్కల పెంపకం మీద ఆన్‌లైన్ కోర్సులు చెబుతుంటాను. సైట్‌లో ఫారం ఉంది, ఉచితంగా ఒక ఈ-బుక్ ఇస్తున్నాను, రోజూ కొత్త అడ్రసులు వచ్చి చేరుతూనే ఉన్నాయి. ఓపెన్ రేటు, అంటే మెయిల్ తెరిచినవాళ్ల శాతం కూడా బాగానే కనిపిస్తోంది. కోర్సు గురించి మెయిల్ పంపితే మాత్రం లింకు నొక్కేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తిరిగి ఒక ముక్క రాసేవాళ్లు అసలే లేరు. తెలిసినవాళ్లు ఒకరు, రెడీమేడ్‌గా దొరికే పెద్ద లిస్టు కొనేస్తే పని సులువవుతుందంటున్నారు. నాకెందుకో మనసు రావడం లేదు. పలికే లిస్టు ఎలా కట్టారో, అనుభవం ఉన్నవాళ్లు చెబితే మేలు చేసినవారవుతారు.

పాతకాపు
ముందు ఆ కొనే మాట పక్కన పెట్టేయండి. అమ్మకానికి పెట్టిన లిస్టుల్లో స్పామ్ ట్రాప్‌లు, అంటే అనుమతి లేకుండా మెయిల్ పంపేవాళ్లను పట్టించే అడ్రసులు కలిసి ఉంటాయి. వాటిలో రెండు రకాలు. ఒకటి, ఏ మనిషీ ఎప్పుడూ వాడని అడ్రసు. పట్టుకోవడానికే తయారుచేసి వెబ్‌లో వదులుతారు. రెండోది ఒకప్పుడు ఎవరిదో అయి, వాడకం ఆగిపోయి, కొంతకాలం వచ్చిన మెయిళ్లను తిప్పికొట్టి, ఆ తర్వాత ట్రాప్‌గా మార్చినది. మొదటి రకానికి మీ మెయిల్ వెళ్లిందంటే మీరు అనుమతి తీసుకోలేదని తేలిపోయినట్టే, ఎందుకంటే ఆ అడ్రసు ఏ ఫారమూ నింపి ఉండదు. 1998లో మొదలైన స్పామ్‌హౌస్ లాంటి సంస్థలు ఇలా పంపేవాళ్ల జాబితాలు తయారుచేస్తాయి, వాటిని చూసి మెయిల్ సర్వర్లు మిమ్మల్ని గుమ్మంలోనే ఆపేస్తాయి. పేరున్న మెయిల్ సర్వీసులు కూడా కొన్న లిస్టులను ఒప్పుకోవు, అకౌంటే మూసేస్తాయి. అందులో యూరప్‌లో ఉన్నవాళ్లు ఉంటే 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ (యూరప్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం) కూడా మెడకు చుట్టుకుంటుంది.

ఇక మీ సమస్య. ఆ ఈ-బుక్ పేరేమిటి, ఫారం మీద అక్షరాలా ఏం రాసి ఉంది?

తోటపని
పేరు ‘మొక్కల పెంపకానికి సంపూర్ణ గైడ్’. ఫారం మీద ‘ఉచిత ఈ-బుక్ పొందండి’, బటన్ మీద ‘సబ్‌స్క్రైబ్’.

పాతకాపు
నాకు తోచింది సూటిగా చెబుతాను. ‘సంపూర్ణ గైడ్’ అంటే అందరూ తీసుకుంటారు, ఎవరూ చదవరు. ఫ్రీగా వస్తోంది కదా అని డౌన్‌లోడ్ చేసి పక్కన పడేస్తారు. తర్వాత మీ నుంచి మెయిళ్లు వస్తాయని ఆ ఫారం చెప్పనేలేదు, కాబట్టి వాళ్లు మీ మెయిల్ కోసం ఎదురుచూడటం లేదు. మీరెవరో కూడా గుర్తుండదు.

ఇలా మార్చి చూడండి. మొక్కలు పెంచేవాళ్లను ఎక్కువగా వేధించేది ఆకులు పసుపెక్కడం. కింది ముదురు ఆకులు ముందుగా పసుపైతే చాలావరకు నత్రజని లోపం. పైన లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటే ఇనుము అందడం లేదన్నమాట. ఈ తేడాలన్నీ బొమ్మలతో ఒకే పేజీ చార్టుగా చేయండి. ఫారం మీద ‘మీ మొక్క ఆకులు పసుపెక్కుతున్నాయా? కారణం చెప్పే ఒక పేజీ చార్టు పంపుతాం. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఒక మొక్క సమస్య, దాని పరిష్కారం’ అని రాయండి. చేరేవాళ్లు తగ్గుతారు, అది ఖాయం. కానీ ఇవాళ ఇంట్లో ఒక మొక్క పాడవుతున్నవాళ్లే చేరతారు. రేపు మీ కోర్సు కొనేది వాళ్లే. ఇంకో మాట, ఆ ఫారాన్ని హోమ్ పేజీలో మాత్రమే కాకుండా ఆకుల జబ్బుల గురించి రాసిన పేజీ మధ్యలో పెట్టండి. సమస్యను వెతుక్కుంటూ వచ్చిన మనిషి కళ్లు అక్కడే ఉంటాయి.

లెక్కల_పుస్తకం
తోటపని గారూ, ఓపెన్ రేటును నమ్మకండి. యాపిల్ 2021 సెప్టెంబరులో ఐఓఎస్ 15తో మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్ తెచ్చింది. అది ఆన్ చేసుకున్నవాళ్ల మెయిల్లో బొమ్మలన్నిటినీ యాపిల్ సర్వర్లే ముందుగా లోడ్ చేస్తాయి. మన సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ను లెక్కపెట్టేది మెయిల్లో కనబడకుండా ఉండే ఒక చిన్న బొమ్మ ద్వారా. కాబట్టి మనిషి చూడకపోయినా ‘ఓపెన్’ అని పడుతుంది. దీనికి వ్యతిరేకంగా కూడా జరుగుతుంది: మెయిల్ 102 కేబీ దాటితే జీమెయిల్ చివరి భాగాన్ని కత్తిరించి చూపిస్తుంది, ఆ చిన్న బొమ్మ అడుగున ఉంటే నిజంగా చదివినా లెక్కకు రాదు. అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కూడా ఆ కత్తిరింపులోనే పోతుంది, అది ఇంకా చేటు.

క్లిక్కుల్లో కూడా కొంత కల్తీ ఉంది. ఆఫీసు మెయిళ్లకు కాపలా కాసే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్లు లింకులన్నిటినీ తామే తెరిచి పరీక్షిస్తాయి. మెయిల్ చేరిన క్షణాల్లోనే, అన్ని లింకుల మీదా ఒకేసారి క్లిక్కులు పడితే అది మనిషి పని కాదు.

నేను చూసేవి మూడే: జవాబులు, లింకు నొక్కి వెళ్లి పేజీలో ఏదైనా చేసినవాళ్లు, చేరిన దారిని బట్టి కొనుగోళ్లు. చివరిది చాలామంది పట్టించుకోరు. ప్రతి ఫారానికీ ఒక ట్యాగ్ పెట్టండి. ఏ పేజీ నుంచి వచ్చినవాళ్లు కొంటున్నారో తెలిస్తే, ఎక్కడ శ్రమ పెట్టాలో ఎవరినీ అడగనక్కర్లేదు.

కుట్టుమిషన్
నేను కుట్టుపని ప్యాటర్న్‌లు అమ్ముతాను. నా లిస్టులో కదలిక తెచ్చింది మొదటి మెయిల్. అందరూ ‘స్వాగతం’ అని పెద్ద బొమ్మ, సోషల్ మీడియా లింకులు పెట్టి పంపుతారు. మనిషి మన మీద ఎక్కువ ఆసక్తితో ఉండేది ఫారం నింపిన ఆ కాసేపే, దాన్ని అలా పోనివ్వకూడదు. నా మొదటి మెయిల్ అదే నిమిషంలో వెళ్తుంది, ఇలా ఉంటుంది:

‘మీరడిగిన ప్యాటర్న్ ఈ లింకులో ఉంది. నాకొక్క సంగతి చెప్పండి: ప్రస్తుతం ఏం కుడుతున్నారు, ఎక్కడ ఆగిపోయారు? ఈ మెయిల్‌కే రిప్లై కొట్టండి, చదివేది నేనే.’

అంతే. బొమ్మల్లేవు, బ్యానర్ లేదు. దీనికి వచ్చే జవాబులు నాకు బంగారం. ‘చంక దగ్గర పట్టేస్తోంది’, ‘జిప్ వంకర పోతోంది’ లాంటి మాటలు వస్తాయి. తర్వాతి మెయిల్ సబ్జెక్ట్ లైన్లు వాళ్ల మాటల్లోంచే తీసుకుంటాను. ‘జిప్ వంకర పోకుండా కుట్టడం’ అని పంపితే, తమ ప్రశ్నకే జవాబు వచ్చిందని తెలిసి తెరుస్తారు. ఒక షరతు ఉందండి: వచ్చిన ప్రతి జవాబుకూ రెండు ముక్కలైనా తిరిగి రాయాలి. రాయలేమనుకుంటే అడగకూడదు. ‘నో-రిప్లై’ అడ్రసు నుంచి మెయిల్ పంపేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది, మాట్లాడటానికి వచ్చినవాళ్ల ముఖం మీద తలుపేసినట్టుంటుంది.

ఎడిటర్_డెస్క్
కుట్టుమిషన్ గారి మాటే నాదీ. ‘ఫ్రమ్’ దగ్గర కంపెనీ పేరు ఒక్కటే కాకుండా మనిషి పేరు కూడా ఉంటే మంచిది, ఒకసారి పెట్టాక మార్చకూడదు. సబ్జెక్ట్ పక్కన కనబడే ప్రీహెడర్ లైను ఖాళీగా వదిలేస్తే అక్కడ ‘ఈ మెయిల్ సరిగ్గా కనబడకపోతే బ్రౌజర్లో చూడండి’ అని వచ్చి కూర్చుంటుంది. ఆ చోటు వాడుకోండి.

ఒక్క విషయంలో నా దారి వేరు. అందరూ డబుల్ ఆప్ట్-ఇన్ అంటారు, అంటే ఫారం నింపాక మళ్లీ మెయిల్లో లింకు నొక్కి నిర్ధారించడం. ఆ రెండో మెట్టు దగ్గర నిజంగా ఇష్టమున్నవాళ్లు కూడా కొంతమంది జారిపోతారు. నేనైతే వాడను.

సర్వర్_రూమ్
ఎడిటర్ గారూ, జారిపోయే మాట నిజమే. కానీ బాట్‌ల సంగతి, అంటే మనిషి లేకుండా ఫారాలు నింపే ప్రోగ్రాముల సంగతి ఆలోచించండి. ఒకరి ఇన్‌బాక్స్‌ను ముంచెత్తడానికి వాళ్ల అడ్రసును వందల ఫారాల్లో ఎక్కించే దాడులు జరుగుతుంటాయి. బ్యాంకు నుంచి వచ్చే హెచ్చరిక మెయిల్ ఆ వరదలో కనబడకుండా చేయడానికి. మీ ఫారం తెరిచి ఉంటే మీ మెయిళ్లూ ఆ వరదలో కలుస్తాయి, పాపం ఆ మనిషి మిమ్మల్ని స్పామ్ అని నొక్కుతాడు. నిర్ధారణ మెట్టు ఉంటే ఒక్క మెయిల్‌తో ఆగుతుంది. జీమెయిల్ స్పెల్లింగ్ తప్పు కొట్టినవాళ్లు కూడా అక్కడే వడకట్టబడతారు.

జారిపోవడం తగ్గాలంటే, ఫారం నింపిన వెంటనే వచ్చే పేజీలో ‘మీ ఇన్‌బాక్స్ చూడండి, ఫలానా పేరుతో మెయిల్ వచ్చింది, అందులో బటన్ నొక్కితేనే చార్టు వస్తుంది’ అని స్పష్టంగా రాయండి.

ఎడిటర్_డెస్క్
ఆ దాడుల కోణం గట్టిదే. ప్రకటనల ద్వారా వచ్చేవాళ్లకు నిర్ధారణ పెట్టి, పాత కస్టమర్లకు వదిలేయడం మధ్యేమార్గం అనుకుంటున్నాను. మొత్తానికి అందరికీ పెట్టాలని మాత్రం ఇంకా ఒప్పుకోను.

కొత్త_అడుగు
నాదొక సందేహం. నా మెయిళ్లు ఉచిత జీమెయిల్ అడ్రసు పేరుతోనే మార్కెటింగ్ సర్వీసు ద్వారా పంపుతున్నా. ఇబ్బందేమైనా ఉందా? ఇంకోటి, ఎవరైనా అన్‌సబ్‌స్క్రైబ్ అయితే చాలా టెన్షన్ పడుతున్నాను. ఆ లింకు కాస్త చిన్నగా పెట్టొచ్చా?

సర్వర్_రూమ్
రెండూ పెద్ద విషయాలే అన్నా.

సొంత డొమైన్ తీసుకోండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నిబంధనలు గట్టిగా పెట్టాయి. మార్కెటింగ్ సర్వీసు సర్వర్ నుంచి బయల్దేరి ‘ఫ్రమ్’లో జీమెయిల్ అడ్రసు కనబడే మెయిల్ డీమార్క్ పరీక్షలో (‘ఫ్రమ్’లోని డొమైన్ పేరు వాడే హక్కు పంపినవాళ్లకు ఉందా అని చూసేది) తప్పుతుంది, స్పామ్‌లోకి పోతుంది. జీమెయిల్ అడ్రసులకు రోజుకు 5,000 మెయిళ్లు దాటి పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్ (డొమైన్ తరఫున పంపే అనుమతి ఉన్న సర్వర్ల జాబితా), డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం), డీమార్క్ మూడూ ఉండాలి. ఔట్‌లుక్ కూడా 2025 మే నుంచి ఇదే దారి పట్టింది. మీది చిన్న లిస్టైనా మూడూ పెట్టించండి. పెట్టాక మీకే ఒక మెయిల్ పంపుకుని, జీమెయిల్లో మూడు చుక్కల మెనూలో ‘షో ఒరిజినల్’ నొక్కండి. పైన మూడింటి ఎదురుగా ‘పాస్’ అని కనబడాలి. ఒక్కటి ‘ఫెయిల్’ అన్నా, మీరు ఎంత బాగా రాసినా చేరడం కష్టం.

అన్‌సబ్‌స్క్రైబ్ లింకు దాచొద్దు, పెద్దగా పెట్టండి. బయటికి దారి కనబడనివాళ్లు ‘స్పామ్’ బటన్ నొక్కుతారు. వెళ్లిపోయినవాళ్ల వల్ల నష్టం లేదు, ఆ ఫిర్యాదు వల్లే నష్టం. గూగుల్ లెక్కలో స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, అంటే 1,000 మెయిళ్లకు ముగ్గురు. 0.1 లోపు ఉంచుకోమనే వాళ్ల సలహా. గూగుల్ వాళ్ల పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో డొమైన్ నమోదు చేసుకుంటే ఈ శాతం చూసుకోవచ్చు. ఎక్కువ పంపేవాళ్లు ఒక్క క్లిక్కుతో బయటపడే ఏర్పాటు మెయిల్ హెడర్లోనే పెట్టాలి, వద్దన్నవాళ్లను రెండు రోజుల్లోపు లిస్టులోంచి తీసేయాలి కూడా. అమెరికా క్యాన్-స్పామ్ చట్టం 2003లోనే 10 పని దినాల గడువు పెట్టింది, మెయిల్ కంపెనీలు దాన్ని ఇంకా కుదించాయి.

తోటపని
అందరికీ చాలా థాంక్స్. చార్టు బొమ్మలు గీయించడం మొదలుపెట్టాను, మొదటి మెయిల్లో ప్రశ్న కూడా పెడతాను. మిగిలిన చిక్కు పాత లిస్టు. ‘సంపూర్ణ గైడ్’ కోసం చేరినవాళ్లను ఏం చేయాలి? అందరినీ తీసేయాలంటే చేతులు రావడం లేదు.

లెక్కల_పుస్తకం
ఓపెన్ కాలేదని మాత్రం తీసేయకండి, పైన చెప్పినట్టు ఆ లెక్క తప్పు. హార్డ్ బౌన్స్ అయినవి, అంటే ఆ అడ్రసే లేదని తిరిగొచ్చినవి, వెంటనే ఆపాలి. చాలా సర్వీసులు వాటంతట అవే ఆపేస్తాయి. ఇన్‌బాక్స్ నిండి తిరిగొచ్చినవి సాఫ్ట్ బౌన్స్. వాటికి ఇంకో అవకాశం ఇవ్వండి.

కుట్టుమిషన్
మిగిలినవాళ్లకు ముందు ఆకుల చార్టు పంపండి, కోర్సు ఊసు లేకుండా. పాతవాళ్లలో కూడా దాని కోసం లింకు నొక్కేవాళ్లు ఉంటారు. నొక్కినవాళ్లను వెంటనే విడిగా ట్యాగ్ చేసి, ఆదివారం మెయిళ్లలోకి తీసుకోండి. లోపల ఆకుల సమస్య, చీడల సమస్య, కుండీ మార్పు అని మూడు లింకులు పెడితే, ఎవరు దేన్ని నొక్కారో చూసి ఎవరికేం పంపాలో కూడా తెలుస్తుంది. పెద్ద సర్వే ఇస్తే ఎవరూ నింపరు, ఒక్క క్లిక్కు మాత్రం చేస్తారు.

అప్పటికీ కదలనివాళ్లకు కొంత వ్యవధి ఇచ్చి ఇంకొక్క మెయిల్. సబ్జెక్ట్: ‘మొక్కల మెయిళ్లు ఇంకా పంపమంటారా?’ లోపల ఒకే బటన్: ‘పంపండి’. నొక్కకపోతే ఇక మెయిళ్లు రావని, మళ్లీ కావాలంటే ఎక్కడ చేరాలో ఒక్క లైనులో రాయండి. నిష్ఠూరాలు వద్దు, ‘మిమ్మల్ని మిస్సవుతున్నాం’ లాంటి మాటలూ వద్దు. నా వరకు, ఈ మెయిల్‌కు ‘ఇప్పుడు కుదరడం లేదు, రెండు నెలలయ్యాక పంపండి’ అని రాసినవాళ్లు కూడా ఉన్నారు. అలాంటివాళ్ల కోసం ‘కొన్నాళ్లు ఆపండి’ అనే లింకు కూడా పెట్టాను.

పాతకాపు
ఒక్కసారే అందరికీ పంపకండి. ఇటీవల చేరినవాళ్లతో మొదలుపెట్టి, ఫిర్యాదుల శాతం చూసుకుంటూ పాతవాళ్ల వైపు వెళ్లండి. ఎప్పుడో చేరి, ఇప్పటిదాకా ఒక్క మెయిలూ అందుకోనివాళ్లు ఉంటే వాళ్లను వదిలేయడమే మంచిది, పాత అడ్రసులు ట్రాప్‌లుగా మారేది ఆ గుంపులోనే.

సర్వర్_రూమ్
దానికి తోడు ఇంకొకటి. అన్‌సబ్‌స్క్రైబ్ అయినవాళ్లను, మీరు ఆపినవాళ్లను పూర్తిగా డిలీట్ చేయొద్దు, సప్రెషన్ లిస్టులోకి, అంటే ఇక మెయిల్ పంపకూడని అడ్రసుల జాబితాలోకి మార్చండి. డిలీట్ చేస్తే, రేపు ఎవరో పాత ఎక్సెల్ ఫైల్ ఇంపోర్ట్ చేసినప్పుడు అవన్నీ కొత్త సబ్‌స్క్రైబర్లుగా తిరిగొస్తాయి. వద్దన్నవాళ్లకే మళ్లీ మెయిల్ వెళ్తుంది. సర్వీసు మారినప్పుడు కూడా ముందుగా ఎక్కించాల్సిన ఫైల్ అదే, ఆ తర్వాతే అసలు లిస్టు.