“పరదేశులమును యాత్రికులమునై యున్నామని ఒప్పుకొని”: బైబిలులోని హెబ్రీ పత్రిక 11:13 మీద చర్చ

పర్లాకిమిడి సభ్యురాలు:

పెద్దలకు నమస్కారం. మా మామ్మగారి జ్ఞాపకార్థ కూడికకు వేయిస్తున్న కార్డు మీద “తాము భూమిమీద పరదేశులమును యాత్రికులమునై యున్నామని ఒప్పుకొని” అన్న మాటలు ఉండాలని నాన్నగారి కోరిక. మా మేనత్త మాత్రం ససేమిరా అంటున్నారు. పరదేశి అంటే నా అన్నవాళ్లు లేక వీధిన పడ్డ మనిషి అని, ఇంతమంది బిడ్డలను పెంచిన తల్లికి ఆ మాట వాడతారా అని ఆమె బాధ. పైగా ఒడిశాలో ఉంటున్న తెలుగువాళ్లం మనమే పరదేశులమని అచ్చు వేసుకోవడం ఏమిటని కూడా అడుగుతున్నారు. ఇక్కడ ఆ మాటకు అర్థం ఏమిటో, దాని పక్కనే యాత్రికులు అన్న మాట ఎందుకు వచ్చిందో దయచేసి చెప్పగలరా?

బరంపురం సభ్యుడు:

చెల్లెమ్మా, మీ మేనత్తగారి బాధ న్యాయమైనదే. మన వాడుకలో దిక్కూ మొక్కూ లేనివాడిని చూసి “పాపం, పరదేశి” అంటాం కనుక, ఆ మాట కన్నతల్లి పేరు కింద కనబడితే కూతురికి గుచ్చుకోవడం సహజం. కాకపోతే ఈ వాక్యంలో పరదేశి అన్నది ఎదుటివాళ్లు జాలిపడి పెట్టిన పేరు కాదు. “ఒప్పుకొని” అని ఉంది కదా; అంటే తమ గురించి తామే నిండుమనసుతో పలికిన మాట. మొట్టమొదట ఎవరు, ఎప్పుడు పలికారో చూస్తే ఆమె మనసు కొంత కుదుటపడుతుందని నా నమ్మకం.

ఆదికాండము 23వ అధ్యాయం తీయండి. నూట ఇరవైయేడేళ్ల శారా హెబ్రోనులో కన్నుమూసింది. అబ్రాహాము భార్య శవం ముందునుంచి లేచి, ఆ ఊరివాళ్లయిన హేతు కుమారుల దగ్గరకు వెళ్లి, “మీ యెదుట నేను పరదేశిని పరవాసిని” అని మొదలుపెట్టి, ఆమెను పాతిపెట్టుకోవడానికి కాస్త చోటు అడిగాడు. వాళ్లు ఇచ్చిన జవాబు చూడండి: “నీవు మా మధ్యను మహారాజవై యున్నావు.” తన ఇంట పుట్టి అలవరచబడిన 318 మందిని వెంటబెట్టుకొని రాజులను తరిమినవాడు, మందలూ వెండి బంగారాలూ కలవాడు, ఊరివాళ్ల నోట మహారాజు అనిపించుకొన్నవాడు తనను తాను పరదేశి అని చెప్పుకొన్నాడు. ఆ తరువాత వాళ్లలో ఒకడైన ఎఫ్రోను పొలానికి నాలుగువందల తులముల వెండి అందరూ చూస్తుండగా తూచి ఇచ్చాడు. ఆ పొలం, అందులోని గుహ, పొలిమేర లోపలి చెట్లన్నీ అతనికి స్థిరమైనట్టు అక్కడ వివరంగా రాసి ఉంది. మన దస్తావేజుల్లో హద్దులతో పాటు చెట్టూచేమా రాయించినట్టే ఉంటుంది ఆ వరుస. దేవుడు ఆ దేశమంతా ఇస్తానన్నాడు, అందులో అబ్రాహాము కొనుక్కొన్నది మాత్రం భార్య సమాధికి సరిపోయిన పొలం ఒక్కటే.

అంటే హెబ్రీ పత్రిక మనకు అందించిన ఈ మాట ఒక భర్త తన భార్య అంత్యక్రియల వేళ పలికినది. సమాధుల పండుగకు సున్నం వేసి పూలు పెట్టే మనవంటి కుటుంబాలకు ఇంతకంటే తగిన వాక్యం ఏముంటుంది?

ఇక మేనత్తగారి రెండో అభ్యంతరం. ఇది మన ప్రాంతంలో నిజంగా మనసును తాకే విషయం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి తెలుగువాళ్లు ఎక్కడికీ కదలలేదు, సరిహద్దు కదిలింది. ఆ ఊళ్లోనే పిల్లలకు పాఠాలు చెప్పి, సవర భాష నేర్చి, వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ మార్పుతో పర్లాకిమిడి విడిచి రాజమహేంద్రవరం చేరుకొన్నారు. మన పెద్దలు చాలామంది అక్కడే ఉండిపోయారు. పుట్టిన ఇంట్లోనే ఉన్నా పొరుగువాళ్లు “మీది ఏ ఊరు?” అని అడిగితే మనసు చివుక్కుమనే అనుభవం మనందరికీ ఉంది. అయితే వాక్యంలో ఉన్నది “భూమిమీద” అన్న మాట. మామ్మగారు శ్రీకాకుళంలో బతికినా, గోదావరి గట్టున బతికినా ఈ వాక్యం ఇలాగే వర్తించేది. నాలుగు వచనాల వెనుక “అన్యుల దేశములో ఉన్నట్టుగా వాగ్దత్తదేశములో పరవాసులైరి” అని కూడా ఉంది. తనకే ఇస్తానన్న నేల మీద గుడారంలో ఉన్నాడు అబ్రాహాము. కనుక ఈ పరదేశితనానికీ రాష్ట్రానికీ, నోటి భాషకూ సంబంధం లేదు. పునాదులున్న పట్టణం ఒకటి దేవుడు కడుతున్నాడని నమ్మినవాడికి మిగతా ఊళ్లన్నీ మజిలీలే అవుతాయి.

యాత్రికులు అన్న మాట దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్త కావాలి. మన దృష్టిలో యాత్ర అంటే వెళ్లి రావడం. ఏనుగుల వీరాస్వామిగారు 1830లో చెన్నపట్నంలో బయలుదేరి కాశీ సేవించి, జగన్నాథం మీదుగా మన గంజాం తీరం వెంబడి వచ్చి 1831లో ఇల్లు చేరారు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అని సామెత ఉన్నా, ఇంటివాళ్లు తిరిగి వస్తారనే ఎదురుచూస్తారు. హెబ్రీ పత్రికలోని యాత్రికుడికి ఇల్లు వెనకాల లేదు, ముందుంది. 15వ వచనం ఈ సంగతే తేటగా చెబుతుంది: వదిలి వచ్చిన దేశాన్నే తలచుకొని ఉంటే మరల వెళ్లడానికి వాళ్లకు వీలుండేది. దారి మూసుకుపోయి ఉండిపోలేదు వాళ్లు. వెళ్లగలిగి ఉండి వెళ్లలేదు. విశ్వాసం అన్నదాన్ని నేను ఇక్కడ చూస్తాను.

నిజానికి నాకు ఈ వచనంలో అన్నిటికంటే ప్రియమైన మాటలు మీ నాన్నగారు ఎంచుకొన్న ముక్కకు ముందున్నాయి: “దూరమునుండి చూచి వందనము చేసి.” మన ప్రాంతం నుంచి పూరీకి కాలినడకన వెళ్లేవాళ్లు దూరాన జగన్నాథాలయ శిఖరం మీది నీలచక్రం కంటబడగానే ఉన్నచోటనే నిలబడి చేతులు జోడిస్తారు. అబ్రాహాము, అతని కొడుకు ఇస్సాకు, మనవడు యాకోబు జోడించిన చేతులు అటువంటివి; కాకపోతే వాళ్లు ఆ దారిలోనే కన్నుమూశారు. గ్రీకు మూలంలో ఈ వాక్యం “విశ్వాసముతో మృతినొందిరి” అన్న మాటలతోనే మొదలవుతుంది. తెలుగులో క్రియ చివరికి చేరడం వల్ల మనకు ఒక మేలు జరిగింది: వాగ్దానాల ఫలం అనుభవించకపోవడం, దూరం నుంచి చూడడం, వందనం చేయడం, ఒప్పుకోవడం, ఆ తరువాతే మృతినొందడం. ఒక మనిషి బతికిన వరుసలోనే వాక్యం నడుస్తుంది. “విశ్వాసముగలవారై” అన్న మాట మరణం పక్కనే వచ్చి కూర్చుంటుంది. చదివిన ప్రతిసారీ నా గొంతు అక్కడ ఆగుతుంది.

రాయగడ సభ్యుడు:

అన్నగారూ, వివరణ బాగుంది. అయినా ఒక సందేహం. ఇక్కడిదంతా మజిలీయే అని పదేపదే చెబితే మనుషులు ఇక్కడి పనుల మీద శ్రద్ధ వదిలేయరా? బడి, భూమి, మన భాష, ఇవన్నీ నిలబెట్టుకోవలసినవే కదా?

బరంపురం సభ్యుడు:

తమ్ముడూ, ఆ భయం అక్కరలేదు. బావులు తవ్వించి, అవి తనవేనని ప్రమాణం చేయించుకొని, బెయేర్షెబాలో పిచులవృక్షం నాటినవాడు ఈ పరదేశి అబ్రాహామే. తన జీవితకాలం దాటి నీడనిచ్చే చెట్టును నాటడం నిర్లక్ష్యం అనిపించుకోదు. బబులోనుకు చెరపట్టబడి వెళ్లినవారికి యిర్మీయా రాసిన ఉత్తరంలో కూడా ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మిమ్మల్ని ఉంచిన పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అనే ఉంది. ఇక లేవీయకాండము 25:23 లో భూమిని శాశ్వతంగా అమ్మకూడదనడానికి దేవుడు చెప్పిన కారణమే “మీరు నాయొద్ద కాపురమున్న పరదేశులు” అని. తాను పరదేశినని ఒప్పుకొన్నవాడికి పక్కవాడి పొలం మీద ఆశ తగ్గుతుంది, పొట్టకూటికి ఊరు వదిలి వచ్చినవాడి మీద దయ పెరుగుతుంది. మన పిల్లల తెలుగు చదువు కోసం అడగడం మానవలసిన పని కూడా లేదు; సమాధికి చోటు అడిగినప్పుడు అబ్రాహాము ఎంత స్పష్టంగా, ఎంత మర్యాదగా అడిగాడో అలా అడగవచ్చు.

చెల్లెమ్మా, కార్డు సంగతికి వస్తే, వచనాన్ని సగంలో తుంచకండి. తుంచితే మేనత్తగారికి కలిగిన అపార్థమే కూడికకు వచ్చిన నలుగురికీ కలుగుతుంది. “దూరమునుండి చూచి” మొదలుకొని “విశ్వాసముగలవారై మృతినొందిరి” వరకు వేయించండి. చోటు మిగిలితే 16వ వచనం చివర ఉన్న “ఆయన వారికొరకు ఒక పట్టణము సిద్ధపరచియున్నాడు” అన్నది కింద చేర్చండి; ఆ ఒక్క మాటతో దిక్కులేనితనం అన్న భావం పూర్తిగా తొలగిపోతుంది. ఒడియా బంధుమిత్రులు కూడా వస్తారు కనుక రెండో పక్క అదే వచనం ఒడియాలో ఉంటే బాగుంటుంది, కాని సొంతంగా అనువదించకుండా ఒడియా బైబిలులో ఉన్నది ఉన్నట్టు తీసుకోండి. అచ్చుకు ఇచ్చేముందు ప్రూఫు మేనత్తగారి చేతికిచ్చి ఒకసారి పైకి చదివించండి.