దారి తప్పితే తప్పు పైలట్‌దేనా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. బియ్యం లారీ నడుపుతాను. మొన్న ఓనర్ పంపిన లొకేషన్ పట్టుకుని పోతే దేవరకొండ అవతల చెరువు కట్ట మీద తేలాను. బండి తిప్పే చోటు లేదు, రాత్రంతా దోమలతో అక్కడే. డీజిల్ డబ్బులు మాత్రం నా జీతంలో కోశారు. విమానాల్లోనూ ఇంతేనా అన్నా?

జవాబు: ముందు పైలట్ మీదికే వస్తుంది తమ్ముడూ. 1979 నవంబర్ 28న ఎయిర్ న్యూజిలాండ్ విమానం అంటార్కిటికాలో ఎరెబస్ కొండను గుద్దుకుంది. 257 మంది పోయారు. మొదటి రిపోర్టు పైలట్లనే తప్పుపట్టింది. తీరా చూస్తే, బయల్దేరే ముందు కంపెనీవాళ్లే కంప్యూటర్‌లో రూట్ మార్చారు, పైలట్లకు చెప్పలేదు! 1981లో జస్టిస్ మాహన్ కమిషన్ తేల్చిన సంగతి ఇది. చచ్చినోడు వచ్చి జవాబు చెప్పలేడు కదా.

ఇంకో జవాబు: అన్నిసార్లూ అట్ల కాదు. 1995లో కొలంబియాలోని కాలీ దగ్గర పైలట్లు 'రోజో' అనే దారి చూపే రేడియో స్టేషన్ అనుకుని విమానం కంప్యూటర్‌లో 'ఆర్' అక్షరం కొట్టారు. కంప్యూటర్ బొగొటా దగ్గరి 'రోమియో' స్టేషన్‌ను పట్టుకుంది. వాళ్లు సరిచూసుకోలేదు, విమానం ఎడమకు తిరిగి కొండల్లోకి పోయింది. అయినా అమెరికా జూరీ తప్పులో ఎయిర్‌లైన్‌కు 75 శాతం వేసి, మిగతాది కంప్యూటర్, డేటా కంపెనీలకు పంచింది.

అడిగినతను: మా ఓనర్‌కు 25 వేసినా చాలు. ఆ లొకేషన్ మెసేజ్ ఇంకా డిలీట్ చేయలేదు.