పాయిజన్ దాడి నీళ్ల మీద ఎందుకు డబుల్ కాదు? పోకెమాన్ టైప్ చార్ట్‌లో లాజిక్ ఉందా?

పానగల్ కట్ట:
పోకెమాన్ వీడియో గేమ్‌లో ప్రతి ప్రాణికీ, ప్రతి దాడికీ టైప్ ఉంటుంది. ఏ దాడి ఏ టైప్ మీద డబుల్, సగం, సున్నా పడుతుందో చెప్పే పట్టికే టైప్ చార్ట్. అందులో నిప్పును నీళ్లు ఆర్పుతాయి, నీళ్లను చెట్టు తాగుతుంది, చెట్టును నిప్పు కాలుస్తుంది. ఇంతవరకు ఒప్పుకుంటా. కానీ వాటర్ టైప్ మీద పాయిజన్ దాడికి మామూలు డ్యామేజే. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన మనుషులున్న నల్లగొండ జిల్లా మాది. విషం నీళ్లను ఏం చేస్తుందో మాకు ఒకరు చెప్పనక్కర్లేదు. డబుల్ పడాలి కదా?

పాలమూరు పిల్లోడు:
అన్నా, అందులో ప్రకృతిని వెతకొద్దు. అది బ్యాలెన్స్ కోసం వేసిన లెక్క. 1996లో తొలి ఆట వచ్చినప్పుడు 15 టైపులే. సైకిక్ (మనోశక్తి) టైప్‌ను గట్టిగా ఆపేది లేదు, ఘోస్ట్ దాడి దానికి తగిలేదే కాదు. 1999లో డార్క్, స్టీల్ తెచ్చి, ఘోస్ట్‌కు డబుల్ ఇచ్చి సరిచేశారు. 2013లో ఫెయిరీ వచ్చాకే డ్రాగన్ల జోరు తగ్గింది. మంచు దాడి నిప్పు మీద మొదట పూర్తిగా పడేది, 1999లో సగం చేశారు. మూడేళ్లలో మంచు గుణం మారిందా?

దేవరకొండ మోటార్:
మీ ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. నేను బోరు మోటార్లు రిపేరు చేస్తా. ఎలక్ట్రిక్ దాడి గ్రౌండ్ మీద సున్నా. స్టార్టర్ డబ్బాకు ఎర్తింగ్ ఎందుకు ఇస్తాం? లీకైన కరెంటును నేల గుంజుకుంటుంది, నేలకేమీ కాదు. అదే కరెంటు వాటర్ మీద డబుల్. స్వచ్ఛమైన నీళ్లలో కరెంటు పెద్దగా పారదు. బోరు నీళ్లలో లవణాలు ఉంటాయి కాబట్టే తడి చేత్తో స్టార్టర్ ముట్టొద్దని ప్రతి రైతుకూ మొత్తుకుంటా. గ్రాస్ దాడి రాక్ మీద డబుల్. గుడి గోడ పగుల్లో మొలిచిన రావి మొక్కను కొన్నేళ్లు వదిలేస్తే తెలుస్తుంది.

ఇక పాయిజన్. ఆ విషం మన గ్రానైట్ రాళ్లలోంచే నీళ్లలో కలుస్తోంది. రాయి దాన్ని కడుపులో పెట్టుకున్నా రాయికేం కాదు, అందుకే రాక్ మీద పాయిజన్ సగమే. నీళ్లు దాన్ని మోసుకొస్తాయి అంతే. దెబ్బ పడేది తాగినవాళ్ల ఎముకలకు.

పానగల్ కట్ట:
రాయి మాట ఒప్పుకున్నా. నీళ్లు పాడు కాకపోతే పటిక, సున్నం వేసి శుద్ధి చేయడం దేనికి? ఆ పద్ధతి పేరే నల్లగొండ టెక్నిక్. పైగా వాటర్ టైప్ అంటే బిందెలో నీళ్లు కాదు, ప్రాణి. విషానికి చేప చావదా?

దేవరకొండ మోటార్:
శుద్ధి చేశాక మిగిలేది అవే నీళ్లు కదన్నా. చేప చస్తుంది, నిజమే. కోడీ చస్తుంది, మేకా చస్తుంది. అందరికీ పడే దెబ్బే కాబట్టి మామూలు డ్యామేజ్. సున్నా పడేది స్టీల్‌కే. స్టీలు బిందెలో ఏ నీళ్లు పోసినా బిందెకేమైంది?

పాలమూరు పిల్లోడు:
మరి బగ్ సంగతేంటి అన్నా? తొలి ఆటలో పాయిజన్ బగ్ మీద డబుల్. పురుగుమందు కొట్టే మా పత్తి చేలకు సరిగ్గా సరిపోయే లెక్క. దాన్నీ 1999లో మామూలు చేశారు. ఏ ప్రకృతి చెప్పింది?

దేవరకొండ మోటార్:
పురుగు మందుకు అలవాటు పడటం పత్తి రైతులు చూసిందే. కానీ ఆట చేసినవాళ్లు అది ఆలోచించి మార్చారని నేను అనలేను తమ్మీ. బగ్ దగ్గర నీ మాటే నెగ్గింది. గ్రౌండ్ మీద సున్నాను మాత్రం బ్యాలెన్స్ లెక్క అంటే ఒప్పుకోను.