టోకెన్‌లో అంకెలు నాయనకు కనపడవు, కనపడినా బ్యాంకు ఒప్పుకోదు. ఏం చేయాలి?

ప్రశ్న (తిరుపతి నుంచి):

మాకు దామలచెరువులో మామిడి మండీ ఉంది, ఇల్లు తిరుపతిలో. మండీ కరెంట్ అకౌంట్ నాయన పేరు మీద నడుస్తుంది. నెట్ బ్యాంకింగ్‌కి తాళంచెవుల గుత్తికి తగిలించుకునే చిన్న టోకెన్ ఇచ్చారు, బటన్ నొక్కితే ఆరు అంకెలు వస్తాయి, అవి కొడితేనే డబ్బు కదులుతుంది. నాయనకు 68 ఏళ్లు, షుగర్ వల్ల రెటీనా దెబ్బతింది. ఆ బూడిదరంగు తెర మీద 6కీ 8కీ తేడా తెలియదు, అద్దాలు సర్దుకుని వెలుతురులోకి తిప్పేలోపు అంకెలు మాయం. మూడుసార్లు తప్పు కొడితే లాక్. పోయిన సీజన్లో తోతాపురి లోడ్లు దిగుతూ రైతులు ఎదురుగా కూర్చుని ఉండగా ఇదే జరిగింది, ఆ రోజు నాయన ముఖం చూడలేకపోయాను. ఇప్పుడు ఇంకో తంటా. నేను పక్కనే ఉండి సరిగ్గా కొట్టించినా తప్పు కోడ్ అంటోంది. బ్రాంచిలో అడిగితే "మీ నాన్నగారిని నిదానంగా కొట్టమనండి" అన్నారు. నిదానంగా కొడితే అంకెలు ఉండవు కదా సార్!

జవాబు:

బ్యాటరీ అయిపోయుంటుంది బ్రో. ఏ వాచీ షాపుకి తీసుకెళ్లినా మార్చేస్తారు.

జవాబు (బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, చిత్తూరు):

వాచీ షాపు మాట వినొద్దు తమ్ముడూ. ఆ టోకెన్లు సీలు చేసి వస్తాయి, విప్పితే లోపలున్న రహస్య సంఖ్య చెరిగిపోయేలా చేసినవి కూడా ఉంటాయి. బ్యాటరీ అయిపోతే కొత్త టోకెన్ తీసుకోవడమే. పైగా మీ దాంట్లో అంకెలు వస్తున్నాయంటున్నావు కాబట్టి నాకైతే బ్యాటరీ మీద అనుమానం లేదు.

ఒక పని చెయ్యి. బటన్ నొక్కి అంకెలు రాసుకో, వెంటనే మళ్లీ నొక్కు. రెండుసార్లూ అవే అంకెలు వస్తే అది గడియారంతో నడిచే రకం, 30 సెకన్లకో నిమిషానికో కోడ్ మారుతుంది. నొక్కిన ప్రతిసారీ కొత్త అంకెలు వస్తే లెక్కతో నడిచే రకం, ఎన్నోసారి నొక్కారో టోకెన్ ఒక లెక్క పెట్టుకుంటుంది, బ్యాంకు సర్వర్ ఇంకో లెక్క పెట్టుకుంటుంది. మొదటి రకంలో ఏళ్లు గడిచేకొద్దీ గడియారం తప్పుతుంది. రెండో రకంలో ఊరికే నొక్కుతూ పోతే టోకెన్ లెక్క ముందుకు పరుగెత్తుతుంది, సర్వర్ కొంతవరకు వెతుక్కుంటుంది, ఆ హద్దు దాటితే సరైన కోడ్‌ని కూడా తప్పంటుంది. ఇంట్లో చిన్నపిల్లలున్నారా?

ప్రశ్న అడిగినవారు:

నొక్కినప్పుడల్లా కొత్త అంకెలే వస్తున్నాయి సార్. మా పాపకు మూడేళ్లు, ఆ తాళాల గుత్తి లేకుంటే అన్నం తినదు. అర్థమైపోయింది.

జవాబు (చిత్తూరు):

ఇంకేం, దొంగ దొరికింది! బ్రాంచిలో "టోకెన్ రీసింక్" చేయమని అడుగు, ఆ మాటే వాడు. వరసగా వచ్చే రెండు కోడ్‌లు తీసుకుని లెక్క కలుపుతారు. ఇంకో సంగతి, లెక్కతో నడిచే రకంలో తెర ఆరిపోయినంత మాత్రాన కోడ్ చెల్లకుండా పోదు, ఇంకోసారి నొక్కకుండా ఉంటే సాధారణంగా అదే పనిచేస్తుంది. అంకెలు ముందు స్కెచ్ పెన్నుతో కాగితం మీద పెద్దగా రాసుకుని, తర్వాత తాపీగా కొట్టొచ్చు. అంటే బ్రాంచిలో చెప్పింది సగం నిజమే, కానీ ఎందుకో వాళ్లకూ తెలిసుండదు.

జవాబు (నాకూ చూపు తక్కువే, తిరుపతి):

లెక్క కలిపినంత మాత్రాన మీ నాయన కష్టం తీరదు కాబట్టి నేను పడ్డ పాట్లు చెబుతాను. టోకెన్ మీద వెలుతురు పక్కనుంచి పడాలి, పైనుంచి పడితే ప్లాస్టిక్ మెరిసి ఏమీ కనపడదు. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూసుకోవడం నాకు అన్నిటికన్నా తేలిక. రాతను చదివి వినిపించే యాప్‌లను మాత్రం నమ్మొద్దు, గీతలతో చేసిన ఆ అంకెల్ని అవి సరిగ్గా పట్టుకోవు, నాకు ఒకసారి 1ని మింగేసి ఐదు అంకెలే చదివింది.

బ్యాంకు యాప్‌లోనే కోడ్ వచ్చే ఏర్పాటు ఉంటే అది మేలు, ఫోన్‌లో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆ అంకెలు చెబుతుంది. కానీ మారేముందు ఆ యాప్‌ను టాక్‌బ్యాక్ పెట్టుకుని ఒకసారి మొదట్నుంచి చివరిదాకా వాడి చూడండి. కొన్నిట్లో అంకెల పలక ప్రతిసారీ చోట్లు మారుతుంది, కొన్ని ఏది తాకినా "బటన్, బటన్" అంటాయి తప్ప ఏ బటనో చెప్పవు. ఇంగ్లండులో కోడ్‌ను పైకి చదివే టోకెన్లు ఇచ్చిన బ్యాంకులున్నాయి, ఇక్కడ అడిగితే నన్ను వింతగా చూశారు.

అయినా అడగండి, నోటితో కాదు, కాగితం మీద. చూపు లేనివాళ్లకు నెట్ బ్యాంకింగ్ సహా అన్ని సేవలూ వివక్ష లేకుండా ఇవ్వాలని ఆర్‌బీఐ 2008లోనే చెప్పింది. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం (జీవించే హక్కు) కింద హక్కేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పిచ్చింది, అది ఈ-కేవైసీ (ఆన్‌లైన్లో మనిషి గుర్తింపు సరిచూడటం) కేసులో అనుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టొచ్చు, ఖర్చు లేదు.

ప్రశ్న అడిగినవారు:

థాంక్స్ అన్నా. ఈలోపు గుమాస్తాకి టోకెన్ ఇచ్చి కొట్టించమంటున్నాడు నాయన. పాత మనిషి, నమ్మకస్తుడే.

జవాబు (చిత్తూరు):

వద్దు. మనిషి మంచివాడే కావచ్చు, కానీ రేపు డబ్బు పోతే బ్యాంకు ముందుగా అడిగేది కోడ్ ఇంకెవరికైనా ఇచ్చారా అనే. ఇచ్చినట్టు తేలితే, మనం ఫిర్యాదు చేసేలోపు పోయిన సొమ్మంతా మన నెత్తినే. దానికన్నా నిన్ను కూడా అథరైజ్డ్ సిగ్నేటరీగా, అంటే ఖాతా నడిపే అధికారం ఉన్నవాడిగా చేర్పించుకో, నీకు వేరే టోకెన్ వస్తుంది. గుమాస్తాను మేకర్‌గా పెడితే అతను వివరాలు ఎక్కిస్తాడు, నువ్వో నాయనో ఓకే చేస్తేనే డబ్బు వెళుతుంది. ఇదంతా ఏప్రిల్ లోపే చేసుకో, కాయ దిగాక ఎవరికీ తీరిక ఉండదు.

టోకెన్ మొండికేసిన రోజు కోసం చెక్కుబుక్కు దగ్గరుంచుకో. బ్రాంచిలో ఫారం రాసిస్తే 2 లక్షలు, ఆపైన ఆర్‌టీజీఎస్‌లో, తక్కువైతే నెఫ్ట్‌లో పంపుతారు, దానికి కోడ్ అక్కర్లేదు. ఎస్ఎంఎస్ ఓటీపీకి మారదామనుకుంటే ఒకటి గుర్తుపెట్టుకో, సిమ్ మార్చిన తర్వాత 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు.

ప్రశ్న అడిగినవారు (నాలుగు రోజుల తర్వాత):

రీసింక్ అని పేరు పెట్టి అడిగేసరికి కౌంటర్లో ఆవిడ లోపలికెళ్లి ఒక సార్‌ని పిలుచుకొచ్చింది, ఐదు నిమిషాల్లో అయిపోయింది. నాయన స్కెచ్ పెన్నుతో రాసుకుని తనే స్వయంగా ఇద్దరు రైతులకు పంపాడు. నన్ను సిగ్నేటరీగా చేర్చే ఫారాలు ఇచ్చొచ్చాం, చూపు గురించిన అర్జీకి కూడా ముద్ర వేయించుకున్నాను. టోకెన్ ఇప్పుడు బీరువాలో ఉంది. పాపకి పాత కాలిక్యులేటర్ ఇచ్చాం, ఒప్పుకోవడం లేదు.