పిల్లలు అడిగారని కుక్కపిల్లను తేవాలా? చాకిరీ అమ్మ మీదే పడేటప్పుడు నిర్ణయం ఎవరిది?

మూడో అంతస్తు

అందరికీ నమస్కారం. రెండు వారాలుగా మా ఇంట్లో ఇదే గొడవ, బయటివాళ్లు ఏమంటారో తెలుసుకుందామని రాస్తున్నాను.

మాది మియాపూర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. పాపకు పదేళ్లు, బాబుకు ఐదు. మా అత్తయ్యగారు మాతోనే ఉంటారు. మా ఆయన స్నేహితుడి ఇంట్లో లాబ్రడార్ పిల్లల్ని పెట్టింది. "ఒకటి మీకోసం ఉంచాను" అని అతను ఫొటో పంపితే ఈయన దాన్ని నాకంటే ముందు పిల్లలకు చూపించారు. పాప ఆ రాత్రే దానికి పేరు పెట్టేసింది. బాబు తన పాత దుప్పటి తెచ్చి హాల్లో మూలన పరిచి "ఇక్కడ పడుకుంటుంది" అన్నాడు. ఇక నేను వద్దంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

వద్దనే అన్నాను. పాప రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "అమ్మకు జంతువులంటే ఇష్టం లేదు" అని వాళ్ల నాన్నతో చెబుతుంటే వంటింట్లోంచి విన్నాను. ఆయన "అలా కాదమ్మా" అని కూడా అనలేదు. అది చాలా బాధ పెట్టింది. మా పుట్టిల్లు జనగామ దగ్గర పల్లె. గేదెలు, కోళ్లు, కుక్క మధ్యే పెరిగాను. ఈనిన గేదె పక్కన మా అమ్మతోపాటు రాత్రంతా కూర్చున్న రోజులున్నాయి. ప్రాణమున్నదాన్ని ఇంటికి తెస్తే ఎంత పనో తెలుసు కాబట్టే వద్దన్నాను.

ఇంట్లో ఇప్పటికే చేపల తొట్టి ఉంది. పాప పుట్టినరోజుకి కొన్నాం. మొదటి నెల ఇద్దరూ పోటీపడి మేత వేశారు, ఎక్కువ వేసి నీళ్లు పాడుచేశారు కూడా. ఇప్పుడు ప్రతి ఆదివారం నీళ్లు మార్చేది నేను. చేప చచ్చిపోతే ఏడుస్తున్న బాబును ఓదార్చి, కిందికి తీసుకెళ్లి మందారం పాదులో పూడ్చిందీ నేనే. నేను ఐదింటికి లేస్తే రెండు బాక్సులు, అత్తయ్యగారికి ఉప్పు లేని వంట, ఏడు ఇరవైకి స్కూల్ బస్సు, తొమ్మిదింటికి నా లాగిన్. ఆయనకు నెలలో రెండు వారాలు నైట్ షిఫ్టు. రెండు గంటలకోసారి ఉచ్చ పోసే కూనను మూడు అంతస్తులు దింపేదెవరు? అత్తయ్యగారు ఉదయం మడిగా దీపం పెట్టుకుంటారు, ఆవిడ ఏమంటారో ఎవరూ అడగనే లేదు. పైగా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అసోసియేషన్ వాళ్లు కుక్కలకు పర్మిషన్ లేదంటున్నారు.

పిల్లల కోరిక ముఖ్యమా, పని చేసే మనిషి మాట ముఖ్యమా?

కృష్ణలంక

అమ్మా, మీ బాధ పూర్తిగా అర్థమైంది, కానీ నేను తెచ్చుకోమనే చెబుతాను. మా ఇంట్లో కుక్క వచ్చి ఆరేళ్లయింది. మొదటి ఆరు నెలలు మీరు రాసినదానికంటే ఘోరంగానే గడిచాయి. చెప్పులు, చార్జర్ వైర్లు, సోఫా మూల, అన్నీ కొరికింది. నేలంతా ఫినాయిల్ వాసన. ఒకరోజు బాత్రూంలో కూర్చుని ఏడ్చాను కూడా, ఎందుకు తెచ్చుకున్నాను దేవుడా అని.

మావాడికి నత్తి ఉంది. మూడో తరగతిలో టీచరు లేచి పాఠం చదవమంటే ఒకే అక్షరం దగ్గర ఆగిపోయేవాడు, పిల్లలు నవ్వేవాళ్లు. స్కూలుకి వెళ్లనని పొద్దున్నే కడుపునొప్పి అనేవాడు. ఒక సాయంత్రం నేను బట్టలు మడతపెడుతుంటే పక్క గదిలోంచి వాడి గొంతు వినిపించింది. కుక్క ముందు బాసింపట్టు వేసుకుని తెలుగు వాచకం గట్టిగా చదువుతున్నాడు. ఆగుతున్నాడు, మళ్లీ మొదలుపెడుతున్నాడు. అదేమో తల కాళ్లమీద పెట్టుకుని వింటోంది. మేము ఎంత ప్రేమగా "మెల్లగా చదువు నాన్నా" అన్నా వాడికి తొందర పెట్టినట్టే ఉండేది. నత్తి పోయిందని చెప్పను, స్పీచ్ థెరపీకి ఇప్పటికీ వెళుతున్నాం. కానీ చదవడానికి భయం మాత్రం తగ్గింది. ఇది నేను కళ్లారా చూసింది.

ఒక కాలనీలో ఒకరితో ఒకరు ఆడుకోని ఈ కాలంలో పిల్లలకు అదొక తోడు. చాకిరీ ఉందని వద్దనుకుంటే పిల్లల్ని కూడా కనేవాళ్లం కాదు కదా.

వేపచెట్టు నీడ

పై మాటతో నేను ఏకీభవించను. పిల్లల్ని కనడం, కుక్కను తెచ్చుకోవడం ఒకటి కాదండీ. ఆ పోలికతోనే ఆడవాళ్ల నోరు మూయిస్తారు.

నేను రిటైర్డ్ టీచర్ని, మాది తెనాలి వైపు పల్లె. మా ఇళ్లల్లో కుక్క ఉండేది, అందరం తిన్నాక ఒక ముద్ద వేసేవాళ్లం. అది వాకిట్లో, చేలో, చెరువుగట్టున తిరిగేది. దాని బతుకు దానిది. లాబ్రడార్ నీళ్లలో, పొలాల్లో వేటగాళ్లతో తిరిగిన జాతి. దాన్ని రెండు గదుల్లో పెట్టి, పూటకి పది నిమిషాలు లిఫ్టు పక్కన తిప్పి, ప్రేమగా చూసుకుంటున్నాం అనుకోవడం నాకు కష్టంగా ఉంటుంది. మే నెలలో మధ్యాహ్నం సిమెంటు రోడ్డు మీద దాని పాదాలు కాలిపోతాయి.

పిల్లల భద్రత సంగతి కూడా చూడండి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపిన వీడియో చూసినప్పటి నుంచి మా మనవడిని ఒక్కణ్నీ గేటు దాటనివ్వడం లేదు. ఐదేళ్ల పిల్లాడికి కుక్క తింటున్నప్పుడు దగ్గరికి వెళ్లకూడదని ఎన్నిసార్లు చెప్పినా గుర్తుంటుందా?

మూడో అంతస్తు

ఇద్దరికీ థ్యాంక్స్. కృష్ణలంక గారూ, మీ బాబు సంగతి చదివి కళ్లు తడయ్యాయి. కానీ ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ ఆరు నెలలు మీతోపాటు ఇంకెవరు తుడిచారు? మీరు రాసినదాంట్లో ఇంకొకరు కనిపించలేదు. నా టెన్షన్ అంతా అక్కడే ఉంది.

నాలుగు పాదాలు

నేను పదకొండేళ్లుగా ఒక పెట్ క్లినిక్‌లో అసిస్టెంటుగా చేస్తున్నాను. డాక్టర్ని కాదు, కానీ రోజూ చూసేది ఇదే కాబట్టి కొన్ని విషయాలు సరిచేయాలి.

మూడో అంతస్తు అక్కా, కూనను కిందికి దింపక్కర్లేదు, అసలు మొదట్లో దింపకూడదు. టీకాల కోర్సు పూర్తయ్యేదాకా, అంటే దాదాపు నాలుగు నెలల వయసు వరకు, వీధికుక్కలు తిరిగే నేల మీద వదిలితే పార్వో పట్టుకుంటుంది. వాంతులు, రక్త విరేచనాలు, రెండు మూడు రోజుల్లో ప్రాణం పోయే జబ్బు అది. మా దగ్గరికి వచ్చే పార్వో కూనల్లో చాలావాటిని ఇంటివాళ్లు పిల్లల ముచ్చట కోసం మొదటివారమే పార్కుకి తీసుకెళ్లి ఉంటారు. అందాకా బాల్కనీలో పాత పేపర్లు వేయాలి, గంట గంటకీ మార్చాలి. అంటే పని తగ్గదు, చోటు మారుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదటి టీకా, మూడు నాలుగు వారాలకోసారి తర్వాతివి, మూడు నెలలు నిండాక రేబీస్ టీకా, అది ఏటా వేయించాలి. కూనలకు తల్లి నుంచే నులిపురుగులు వస్తాయి, మూడు నెలలదాకా రెండు వారాలకోసారి మందు పట్టాలి. లేకపోతే ఆ గుడ్లు నేలమీద పాకే పిల్లల చేతులకు అంటుకుంటాయి. వానాకాలంలో గోమార్లు. బొచ్చు రాలడం సంగతి లాబ్రడార్ ఉన్నవాళ్లు ఎవరైనా చెబుతారు. బాబు తినే చాక్లెట్, మీరు పాయసంలో వేసే కిస్‌మిస్, కూరలో ఉల్లిపాయ, ఇవేవీ దానికి పెట్టకూడదు. మనం మిగిలిన కూరన్నం కలిపి పడేసే అలవాటు ఉన్నవాళ్లం కాబట్టి మరీ చెబుతున్నాను.

టీచరుగారూ, అంబర్‌పేటలో జరిగింది వీధికుక్కల వల్ల, ఆ బిడ్డను తలుచుకుంటే మాకూ గుండె తరుక్కుపోతుంది. కానీ పెంపుడు కుక్క కరవదని నేనూ అనను. కుక్కను, ఐదేళ్ల పిల్లాణ్ని పెద్దవాళ్లు లేకుండా ఒక గదిలో వదలకూడదు. ఏ కుక్క గోరు గీరినా, పన్ను దిగినా ముందు సబ్బుతో ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టకండి, ఇప్పటికీ పెట్టుకుని వస్తున్నారు. తర్వాత ఆలస్యం లేకుండా ఆస్పత్రికి. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అనే ప్రభుత్వ సంస్థలో) టీకా వేస్తారు. కండకు వేసే పద్ధతిలో వెళ్లిన రోజును సున్నాగా లెక్కిస్తే 3, 7, 14, 28 రోజుల్లో మిగతా డోసులు. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేయడం మొదలయ్యేలోపు రక్షణ ఇచ్చే ఇంజెక్షన్) కూడా అడగండి. రేబీస్ లక్షణాలు మొదలయ్యాక మందు పనిచేయదు, అందుకే ఇంత చెబుతున్నాను.

అసోసియేషన్ మాట పట్టించుకోకండి. కేంద్ర జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాల ప్రకారం మెజారిటీతో తీర్మానం చేసినా పెంపుడు జంతువుల్ని నిషేధించే అధికారం అసోసియేషన్లకు లేదు. మలం ఎత్తి శుభ్రం చేయాల్సిన బాధ్యత మాత్రం మనదే.

ఇంత చెప్పినా నా ఓటు 'ఇప్పుడు వద్దు'కే. ఎందుకంటే ఎనిమిది నెలలు, ఏడాది వయసులో కుక్కను తీసుకొచ్చి "ఎవరైనా ఉంటే ఇచ్చేయండి" అని మా కౌంటర్ దగ్గర అడిగేవాళ్లు నెలకు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. కొందరు అడగను కూడా అడగరు, గేటుకు కట్టేసి వెళ్లిపోతారు. ఆకలికి వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం, కానీ ఎవరి మీద కేసు పెడతాం? ఆ కుక్క మూడు రోజులు గేటు వైపే చూస్తూ అన్నం ముట్టదు. అంతగా కావాలనిపిస్తే మూడు నాలుగేళ్ల వయసున్న, ఇంట్లో ఉండటం అలవాటైన కుక్కను పది రోజులు ఫోస్టరింగ్‌కి, అంటే తాత్కాలికంగా మీ ఇంట్లో ఉంచుకోవడానికి, తీసుకుని చూడండి. వీధుల్లో పుట్టిన మన ఇండీలు మన ఎండకు తట్టుకుంటాయి, రోగాలూ తక్కువ.

ఇద్దరు ఆడపిల్లల నాన్న

నేను ఇక్కడ మాట్లాడకపోతే తప్పవుతుంది. మీ ఆయన చేసిందే నేనూ చేశాను. మూడేళ్ల కింద ఆఫీసు నుంచి వస్తూ కూనను చొక్కాలో పెట్టుకుని తెచ్చాను. పిల్లల కేకలు, గంతులు, ఆ పది నిమిషాలకు నేను హీరోని. "మేమే చూసుకుంటాం" అని పిల్లలతో ఒట్టు వేయించాను, నేనూ వేశాను. నెల తిరగకుండా అన్నీ మా ఆవిడ మీద పడ్డాయి. నేను సాయంత్రం వచ్చి దానితో బంతి ఆడేవాణ్ని, అది నన్ను చూసి తోక ఊపితే పొంగిపోయేవాణ్ని. దాన్ని కడిగేది, మందు మింగించేది, అర్ధరాత్రి అరిస్తే లేచేది ఎవరో గమనించలేదు.

గర్భసంచి ఆపరేషనై మా ఆవిడ ఆరు వారాలు బరువు ఎత్తకూడదన్నారు. అప్పుడు తెలిసింది నాకు. ఐదుంపావుకు లేచి తిప్పుకొచ్చి, పాదాలు తుడిచి, గుడ్డు ఉడకబెట్టి, పిల్లల జడలు వేసి, మళ్లీ ఆఫీసుకి. నాలుగోరోజు బస్సు తప్పిపోయి పిల్లలు ఏడుస్తుంటే, మంచం మీంచి మా ఆవిడ ఏమీ అనకుండా చూసింది. ఆ చూపు మర్చిపోలేను. అప్పటి నుంచి పొద్దుటి నడక, డాక్టరు, స్నానం నావి. పెద్దదానికి గిన్నె కడగడం, నీళ్లు మార్చడం. మా ఆవిడకు ఏ పనీ లేదు, ఆమెకు బుద్ధిపుడితే ముద్దు చేస్తుంది.

అక్కా, మీ ఆయనకు ఒక మాట చెప్పండి. ముప్ఫై రోజులు, కుక్క లేకుండానే, రోజూ ఐదుంపావుకి లేచి ఇరవై నిమిషాలు కింద నడిచి రమ్మనండి. రాత్రి పదింటికి మళ్లీ ఒకసారి. నైట్ షిఫ్టు వారాల్లో కూడా. చేపల తొట్టి కూడా ఆయనా పిల్లలే చూడాలి. మీరు గుర్తు చేయకూడదు. అది కుదిరితే కుక్క సంగతి మాట్లాడుకోవచ్చు.

ఇంకోటి. వద్దు అని చెప్పాల్సి వస్తే ఆ మాట పిల్లలతో ఆయనే చెప్పాలి. ఆశ పెట్టింది ఆయన కదా.

కృష్ణలంక

నాన్నగారూ, మీరు రాసిన పద్ధతి మంచిదే కానీ ముప్ఫై రోజుల పరీక్షలో నెగ్గాకే అంటే ఏ ఇంట్లోనూ కుక్క ఉండదు. కొన్ని ఇష్టాలు వచ్చాకే పెరుగుతాయి. మూడో అంతస్తు గారు అడిగినదానికి జవాబు: నేనొక్కదాన్నే తుడిచాను. మావారు ఆఖరుకి మారారు గానీ రెండేళ్లు పట్టింది. అయినా నాకు బాధ లేదు, మావాడి గొంతు విన్నాను కాబట్టి. అందరికీ అలాగే అనిపించాలని లేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

వేపచెట్టు నీడ

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు ఏం చేస్తారో కూడా ముందే అనుకోండి. రైల్లో మనతో తీసుకెళ్లాలంటే ఫస్ట్ ఏసీలో కూపేనో క్యాబినో మొత్తం బుక్ చేసుకోవాలి, లేకపోతే గార్డు పెట్టెలో బోనులో పంపాలి. మా పక్కింటివాళ్లు కుక్క కోసం ఇంటి ఇల్లాలిని ఒక్కదాన్నే వదిలేసి అందరూ పండక్కి వెళ్లారు, అదీ ఆమె పుట్టింటికే.

మూడో అంతస్తు

నెలన్నర తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

ఆ నాన్నగారి పోస్టు మా ఆయనకే ఫోనులో పెట్టి ఇచ్చాను. చదివి చాలాసేపు ఏమీ అనలేదు. మర్నాడు నుంచి మొదలుపెట్టారు. మొదటి పదకొండు రోజులు సరిగ్గా లేచారు, పాప కూడా చున్నీ చేతికి చుట్టుకుని గొలుసు పట్టుకున్నట్టు వెనకాలే వెళ్లింది. నైట్ షిఫ్టు వారం మొదలవగానే రెండు రోజులు తప్పింది, తర్వాత వరసగా నాలుగు. నేను గుర్తు చేయలేదు, చాలా కష్టంగానే ఊరుకున్నాను. ఇరవయ్యో రోజు ఆయనే స్నేహితుడికి ఫోన్ చేసి కూనను వేరేవాళ్లకు ఇచ్చేయమన్నారు. ఆ రాత్రి పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి, "అమ్మ వద్దన్నందుకు కాదు, నాన్న చూసుకోలేకపోయాడు, మీకు ముందే ఆశ పెట్టడం నా తప్పు" అని చెప్పారు. పాప ఏడ్చింది. ఏడ్చి వచ్చి నా పక్కన పడుకుంది.

తొట్టి నీళ్లు మాత్రం మూడు ఆదివారాలుగా ఆయనా పాపా మారుస్తున్నారు.

నాలుగు పాదాలు తమ్ముడూ, నువ్వు చెప్పిన ఫోస్టరింగ్‌కి దసరా సెలవుల్లో పది రోజులు ఒప్పుకుంటున్నాం. అప్పుడు ఆయనకు డే షిఫ్టు, నడక ఆయనదే అని రాసి ఫ్రిజ్ మీద అంటించారు. అత్తయ్యగారిని ఈసారి ముందే అడిగాం. పూజగదిలోకి, వంటింట్లోకి రాకపోతే అభ్యంతరం లేదన్నారు, "పాలన్నం నేను కలుపుతాలే" అని కూడా అన్నారు. ఉల్లిపాయ సంగతి చెప్పాను. కుక్కకు పాలన్నం పెట్టొచ్చా, పెరుగన్నం మేలా? టీకాల కార్డు మాకు ఇస్తారా, మేం ఏమేం కొని ఉంచాలి?