విదేశంలో పిల్లల క్రీడా శిబిరానికి వెళ్తున్న మిషన్ బృందం: అనుభవం ఉన్నవాళ్లు సలహా ఇవ్వగలరా?

అందరికీ వందనాలు. మా చర్చి సంఘం నుంచి ఎనిమిది మందిమి వేరే దేశంలో జరిగే ఫుట్‌బాల్ శిబిరంలో సాయం చేయడానికి వెళ్తున్నాం. పిల్లలు 10 నుంచి 14 ఏళ్ల లోపువాళ్లు. పన్నెండేళ్ల వరకు 4వ నంబరు బంతి, ఆ పైవాళ్లకు 5వ నంబరు సిద్ధం చేసుకున్నాం. ఆట గురించి బెంగ లేదు.

నా బెంగంతా పిల్లలకు బైబిలు వాక్యం చెప్పే సమయం గురించే. పోయినసారి ఆట మంచి ఊపులో ఉండగా ఆపి అందర్నీ కూర్చోబెట్టాం. ఒక పిల్లాడు బూట్లు విప్పి ఒళ్లో పెట్టుకుని, నేను మాట్లాడుతున్నంతసేపూ లేసు ముడి వేస్తూ విప్పుతూ ఉన్నాడు. వాడికి ఏడుపొస్తోందని అనువాదం చేసే అక్క తర్వాత చెప్పింది. ఆ ముఖం ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను.

ఈసారి స్కాట్లాండ్ పరుగు వీరుడు ఎరిక్ లిడెల్ గురించి చెబుదామనుకుంటున్నా. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆదివారం దేవుని ఆరాధన దినమని, ఆ రోజు పరుగెత్తనని 100 మీటర్ల పందెం వదులుకుని, 400 మీటర్లలో బంగారు పతకం గెలిచాడు. తర్వాత మిషనరీగా చైనా వెళ్లాడు. పిల్లలకు పట్టే కథే, కానీ అనువాదంతో కలిపి ఎన్ని నిమిషాల్లో ముగించాలి? ఆటకు ముందా, తర్వాతా?

ఇంకో ముఖ్యమైన సంగతి. వేరే విశ్వాసం ఉన్న ఇళ్ల పిల్లలూ వస్తారు. ప్రార్థన ఉంటుందని తల్లిదండ్రులకు ముందే చెప్పి అనుమతి తీసుకోవాలని నా పట్టుదల. మీరు ఆ మాట ఎలా చెప్పారు? వద్దన్న పిల్లలు ఒంటరిగా పక్కన కూర్చోకుండా ఆ సమయంలో ఏం చేయించారు?