ధ్యానానికి కూర్చోగానే ఆలోచనలు ముసురుకుంటున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న:
రెండు నెలలుగా రోజూ ఉదయం ఇరవై నిమిషాలు శ్వాస మీద ధ్యాస నిలిపి కూర్చుంటున్నాను. కళ్లు మూసుకున్న నిమిషంలోపే, నిన్న ఆఫీసులో ఒకరు అన్న మాట, ఇంకా పంపని ఈమెయిల్, పదేళ్ల కిందట జరిగిన ఒక అవమానం ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తున్నాయి. పట్టుబట్టి వాటిని తోసివేయాలని చూస్తే నుదురు బిగుసుకుపోయి, లేచేసరికి తలనొప్పి మాత్రమే మిగులుతోంది. మామూలు వేళల్లో నాకు ఇంత అలజడి తెలియదు. ధ్యానం వల్ల నా మనసు మరింత చెదిరిపోతోందా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:
చెదిరిపోవడం లేదండీ. పనుల సందడిలో మీరు గమనించని ఆలోచనలే ఇప్పుడు మీ కంటపడుతున్నాయి. 2010లో హార్వర్డ్ పరిశోధకులు కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ 2,250 మందిని రోజులో ఏదో ఒక క్షణాన ఫోన్ ద్వారా పలకరించి, మీ మనసు చేస్తున్న పని మీద ఉందా అని అడిగితే, 46.9 శాతం సందర్భాల్లో లేదనే సమాధానం వచ్చింది. అంటే ఇది మీ ఒక్కరి లోపం కాదు.

తోసివేయడం మాత్రం మానుకోండి. తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని, తలచుకుంటే గంట మోగించమని కొందరికి చెప్పి మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ బృందం 1987లో ఒక ప్రయోగం ప్రచురించింది. వారు గంట మోగిస్తూనే ఉన్నారు. పైగా ఆ తరువాత తలచుకోవచ్చని చెప్పినప్పుడు, మొదటి నుంచీ తలచుకోమని చెప్పిన మరికొందరి కంటే ఎక్కువగా తలచుకున్నారు. మీ తలనొప్పికి కారణం ఆలోచనల కంటే వాటితో మీరు పడుతున్న పెనుగులాటే అని నాకు అనిపిస్తోంది.

రెండవ జవాబు:
పై మాటతో ఏకీభవిస్తూ, నేను ఏళ్ల తరబడి చేస్తున్న పద్ధతి చెబుతాను. ముక్కుపుటాల అంచున గాలి లోపలికి వెళ్లేటప్పుడు కాస్త చల్లగా, బయటికి వచ్చేటప్పుడు కాస్త వెచ్చగా తగులుతుంది. ధ్యాసను ఆ చిన్న చోటనే ఉంచి, ఊపిరులను ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టి మళ్లీ ఒకటికి వస్తాను. ఎన్నోసార్లు పదిహేడు దగ్గర ఉలిక్కిపడతాను, ఎందుకంటే లెక్క తనంతట తాను సాగిపోతూ ఉంటుంది, మనసు మాత్రం ఎప్పుడో లేచి వెళ్లిపోయి ఉంటుంది. అప్పుడు లోలోపల 'ఆలోచన' అని ఒక్క మాట అనుకొని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాను. మనసు పక్కకు వెళ్లిందని తెలిసిన ఆ క్షణాన్ని మీరు వైఫల్యంగా లెక్కిస్తున్నారు, నిజానికి మీ సాధన ఫలించిన క్షణం అదే. చంచలమైన మనసు ఎటు పోతే అటు నుంచి మళ్లించి తీసుకురమ్మనే భగవద్గీత ఆరవ అధ్యాయం కూడా చెబుతుంది. అసలు పోనివ్వవద్దని చెప్పలేదు.

మూడవ జవాబు:
ఇరవై నిమిషాలు ప్రస్తుతానికి ఎక్కువేమో, పదితో సరిపెట్టండి. చేయవలసిన పనులు కూర్చునే ముందే కాగితం మీద రాసి పక్కన పెడితే, వాటిని గుర్తుచేసే శ్రమ మనసుకు తగ్గుతుంది. మీరు రాసిన ఆ పాత అవమానం విషయంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం: అది వచ్చినప్పుడు గుండె దడ, ఊపిరి ఆడకపోవడం వంటివి కలిగితే పట్టుదలకు పోకుండా కళ్లు తెరిచి, పాదాల కింద నేలను గమనిస్తూ నాలుగు అడుగులు వేయండి. అదే పదేపదే జరుగుతుంటే మానసిక వైద్యులను కలవడం మంచిది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు పది నిమిషాలే కూర్చున్నాను. నాలుగు దగ్గర రెండుసార్లు, ఆరు దగ్గర ఒకసారి లెక్క తప్పింది, ఒక్కసారి కూడా పదికి చేరలేదు. కానీ నుదురు బిగుసుకోలేదు. లెక్క వేయవలసింది ఊపిరి తీసుకున్నప్పుడా, వదిలినప్పుడా?

రెండవ జవాబు ఇచ్చినవారు:
వదిలిన తరువాత వేయండి. శ్వాసను మీరు సాగదీయకుండా, అది వచ్చినట్టే రానివ్వండి.